మోతగాడు మాట్లాడిన పేజీ

క్వార్టర్స్, మూడో అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

మహారాజశ్రీ ఆడపడుచు గారికి,

నాలుగో పుస్తకం ఆఖరి అధ్యాయం ఇదిగో, ఈ కవర్లో పెట్టాను. ప్రతి పేజీ మీదా పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి ఎప్పటిలాగే రాశాను. నీలం పెన్సిల్‌తో ఉన్నవి బొమ్మల పక్కన మాటల బుడగల్లోకి వెళ్లేవి. ఎర్ర పెన్సిల్‌తో ఉన్నవి నీకూ నాకూ మధ్య కబుర్లు, వాటిని బుడగల్లో పెట్టావంటే చెవి మెలిపెడతాను. చుక్కలున్న బుడగల జోలికి మాత్రం పోలేదు. మోతగాడు ఎప్పుడూ నోరు విప్పడు కదా, చుక్కలకి తెలుగేమిటి, జపనీసేమిటి!

నిన్న ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఈ పేజీలు చూసి "ఇదేంటక్కా, చిన్నపిల్లల బొమ్మలా?" అంది. నాకు ఒళ్లు మండింది. కూర్చోబెట్టి చెప్పాను. "జపాన్‌లో ఒక వీడియో గేమ్ ఉందమ్మా. అందులో మూటలు మోసేవాడొకడు ఒక పసిపాపను వీపు మీది బుట్టలో పెట్టుకుని మంచుకొండ దాటాలి, అమ్మమ్మ ఇంటికి చేర్చాలి. ఆడేవాళ్ల చేతిని బట్టి ఒకరి ఆటలో పాప బతుకుతుంది, ఇంకొకరి ఆటలో బతకదు. ఆ ఆట మీద కామిక్ పుస్తకాలు వచ్చాయి. వాటిని నేను తెలుగులోకి మారుస్తాను, మా ఆడపడుచు బొమ్మల్లో తెలుగు అక్షరాలు పేరుస్తుంది, మా ఆయన అంతా సరిచూసి నెట్‌లో పెడతారు. పైసా రాదు" అన్నాను. "మరెందుకక్కా?" అంది. ఏం చెప్పను? మీ అన్నయ్యకి పిచ్చి, ఆ పిచ్చి ఇంటిల్లిపాదికీ అంటించారు అన్నాను.

ఇక్కడ నా దుభాషి ఉద్యోగం మామూలే. జపాన్ ఇంజనీర్ పావుగంట మాట్లాడతాడు, నేను "బోల్టు సరిగ్గా బిగించమంటున్నారు" అంటాను. మనవాళ్లు "అంతేనా మేడమ్?" అని నన్ను అనుమానంగా చూస్తారు.

ఆఖరి పేజీ మాత్రం తొందరపడకుండా చెయ్యి. చదివాక ఏమనిపించిందో కవర్లోనే రాసి పంపు, ఫోన్‌లో వద్దు. ఇంట్లో ఫోన్ మోగిందంటే అత్తయ్య స్పీకర్ నొక్కేస్తారు, నీ మొబైల్ కూడా సీరియల్ పేరుతో ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఏమీ రాయకపోయినా ఫర్వాలేదులే. చదివావని తెలిస్తే చాలు.

నీ వదిన


షాపు వెనక గది
భోజనాల వేళ

వదినా, వదినా, వదినా!

ఏం రాశావమ్మా తల్లీ! నాకింకా దిమ్మ తిరుగుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంటుంది, అమ్మమ్మ బయటికొస్తుంది, మోతగాడి వీపు మీద బుట్ట ఖాళీ. "పాప ఏది?" అంటుందావిడ. కింది గడిలో వాడి మొహం ఒక్కటే. నాలుగు పుస్తకాల పాటు మూగమొద్దులా నడిచిన మనిషి! ఆ గడిలో నోరు విప్పి "బిడ్డ పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు చూడు, నేను కుర్చీలో కొయ్యబారిపోయాను. వాణ్ణి ఇన్నాళ్లూ "మౌనస్వామి" అని ఎన్ని వెటకారాలు ఆడాను! పాపం తగులుతుంది నాకు.

ఈసారి పని ఎలా చేశానో తెలిస్తే నవ్వుతావు. మా ప్రింటింగ్ షాపులో రంగుల స్కానర్ రిపేరుకి పోయింది. సొంత పని చేసుకుంటే మా యజమాని ఊరుకోడు కదా, ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నీ కాగితాలన్నీ పాత నలుపు తెలుపు మెషీన్లో గబగబా లాగేశాను. కాగితాలు షాపు సొరుగులో పడేసి, ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నీ నీలమూ ఎరుపూ అన్నీ బూడిదరంగే. అయితేనేం, నీ చేతిరాత నాకు కొత్తా? "ఇక్కడ గాలి హోరు చిన్నక్షరాల్లో వెయ్యి", "ఈ మేకపిల్ల అచ్చం మీ బాబాయిలా లేదూ" లాంటివి కబుర్లని ఇట్టే తెలిసిపోయింది. వాటిని పక్కన పెట్టేశాను.

ఆ మూడు వాక్యాలూ ఎంత బాగా అమిరాయో! జపాన్ వాళ్లవి నిలువు రాతలు కాబట్టి బుడగలు కూడా సొరకాయల్లా నిలువుగా ఉంటాయి. మన మాటలేమో అడ్డంగా సాగుతాయి, ఒత్తులు కిందికి వేలాడతాయి. ఎప్పుడూ కుస్తీయే. ఇక్కడ మాత్రం ఒక్కో మాట ఒక్కో వరసలో పెట్టానా, కొలిచి కుట్టించినట్టు కూర్చున్నాయి. పది రకాల అక్షరాలు వేసి చూసి, చివరికి సన్నటివి ఎంచాను. నీ మాటకి లావు అక్షరాలు నప్పలేదు.

అన్నయ్య ఎప్పటిలాగే అసలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని గడి గడీ పోల్చి చూశాడు. ఒక్క ఒత్తు జారినా వెనక్కి పంపే మనిషి. ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. "బావుందా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. అంతే, పెట్టేశాడు. తర్వాత మేడ మీదికి వెళ్లి కూర్చున్నాడు, అమ్మ భోజనానికి పిలిచినా దిగలేదు. చూశావా, మీ ఆయనంతటి వాణ్ణి కదిలించావు!

ఇక చదివేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. "మోతగాడు మాట్లాడాడు!" అని ఒకటే గోల. "బస్సులో చదివి ఏడిస్తే పక్కాయన నీళ్ల సీసా ఇచ్చాడు" అని ఒకావిడ రాసింది. గుడ్లగూబ అని పేరు పెట్టుకున్నవాడొకడున్నాడు కదా, వాడు మాత్రం "నా ఆటలో పాపని బతికించుకున్నాను, చంపడానికి మీరెవరు?" అని విరుచుకుపడుతున్నాడు. వాడి మొహం! అసలు రాసినావిడని అడగమను.

ఏమనిపించిందో రాయమన్నావు. నా గుండె పట్టేసింది వదినా. అంతే.

నీ ఆడపడుచు


క్వార్టర్స్
బుధవారం, డ్యూటీకి వెళ్లేముందు

చిట్టీ,

తీసెయ్యి. ఈ ఉత్తరం చేతికందగానే ఆ పేజీ తీసెయ్యి.

ఆ బుడగలో ఏ మాటా లేదు. చుక్కలు, అంతే. పాపకి ఏమైందో ఎవరి ఆటలో వాళ్లకే తెలుసు కాబట్టి మోతగాడి చేత ఏమీ చెప్పించలేదని ఆ బొమ్మలు వేసినావిడ తన బొమ్మల పుస్తకంలో రాసుకుంది కూడా. వాడు నోరు విప్పకపోవడమే ఆ పేజీ. మనం దాన్ని పాడుచేశాం.

నీ ఉత్తరం చదివినప్పుడు చేతిలో టీ గ్లాసు ఉంది. ఎప్పుడు జారిపోయిందో తెలియదు. పక్క గదిలో అమ్మాయి పరిగెత్తుకొచ్చి గాజుపెంకులు ఏరితే గాని నేను కదల్లేదు. "ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అక్కా?" అంది. ఏం లేదు, కామిక్‌లో ఒక తప్పు పడింది అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

నిన్న ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తారు. "ఏమ్మా, వేళకాని వేళ?" అన్నారు. "ఊరికే అత్తయ్యా, గొంతు విందామని" అన్నాను. ఆవిడ సంబరపడిపోయి కాళ్లనొప్పుల గురించి అరగంట చెప్పారు. నీకివ్వమని అడగడానికి నా నోరు పెగల్లేదు.

ఆ మాటలు ఎక్కడివని అడగకు. కథలోవి కావు, అంతవరకే చెప్పగలను.

మీ అన్నయ్య నిజంగా చూశారా? అసలు పుస్తకం పక్కన పెట్టుకునే చూశారా? చుక్కలున్న చోట మాటలుంటే ఆయన కంట పడకపోవడమేమిటి? ఏమన్నారో, ఎలా అన్నారో పొల్లుపోకుండా రాయి. ఆయన్ని మాత్రం ఏమీ అడగకు.

వదిన


షాపు
శనివారం

వదినా,

నువ్వు అడగవద్దన్నవన్నీ అడగబోతున్నాను. ముందు నేను చెప్పేది విను.

నీ ఉత్తరం చదివి బిత్తరపోయాను. చుక్కలా! ఆ చుక్కల్ని తుడిచింది నా చెయ్యే. పేజీ రాగానే బుడగలన్నీ తెల్లగా తుడిచేసి, తర్వాతే తెలుగు నింపుతాను కదా. ఖాళీ బుడగ ఉంది, దానివైపు నువ్వు గీసిన బాణం ఉంది, పక్కన మాట ఉంది. ఇంకేం ఆలోచిస్తాను, తీసుకెళ్లి అందులో పెట్టేశాను.

ఇంటికెళ్లి అన్నయ్యతో "ఆ పేజీలో పొరపాటు దొర్లింది, తీసెయ్యి" అన్నాను. కంప్యూటర్ వైపే చూస్తూ "ఉండనీ" అన్నాడు. "ఉండనీ ఏమిటి, అసలులో లేని మాట" అన్నాను. "ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాను, నువ్వు పడుకో" అన్నాడు. వదినా, ఒక కామా పొరపాటుగా పడితే నాతో పేజీ మొత్తం మళ్లీ చేయించిన మనిషి! నాకు మతిపోయింది. పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంది, నేను చేయగలిగిందేమీ లేదు.

ఈలోగా బయట గొడవ ముదిరింది. గుడ్లగూబ అసలు పుస్తకం సంపాదించి, చుక్కల బుడగనీ మన బుడగనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. "అనువాదం చేసినావిడ తన సొంత పైత్యం కలిపింది" అని రాశాడు. నిన్ను ఆ మాట అంటాడా అని పళ్లు కొరుక్కుంటూ షాపుకొచ్చాను. నీ కాగితం ఫోటో తీసి వాడి మొహాన కొడదామని సొరుగు లాగాను.

ఎర్రగా ఉంది.

ఒక్కసారి కాదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ మళ్లీ చూశాను. అమ్మమ్మ మాట నీలం, తలుపు చప్పుడు నీలం. ఆ మూడు వాక్యాలూ ఎరుపు, బాణమూ ఎరుపే. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా యజమాని "ఏమ్మా, మెషీన్ షాక్ కొట్టిందా?" అన్నాడు. కొట్టిందనే చెప్పాను.

ఎర్ర పెన్సిల్ నాకోసం రాసేది కదా. అయితే ఆ మాట మోతగాడిది కాదు, నీది. ఎవరి బిడ్డ వదినా? నేను అనుకుంటున్నది కాదని రాయి. కాదని రాస్తే చాలు, ఇంకేమీ అడగను, ఒట్టు.

నీ ఆడపడుచు


క్వార్టర్స్
ఆదివారం

చిట్టీ,

నా బిడ్డే.

కాదని రాయమన్నావు గానీ రాయలేను. కలం పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. నీకు చెప్పకుండా ఇంకెవరికి చెబుతాను?

ఇక్కడికొచ్చిన కొత్తలోనే తెలిసింది. ఇన్నేళ్లు ఎదురుచూసి, ఇక లేదులే అని అందరం ఆ మాటే ఎత్తడం మానేశాక! డాక్టరమ్మ చెబితే నమ్మలేక ఇంకోసారి చూడమన్నాను. ఫోన్‌లో చెప్పకూడదనుకున్నాను. సెలవు దొరకగానే వచ్చి, మీ ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి, మీ మొహాలు చూస్తూ చెప్పాలని ఆశ. ఎవరు ముందు ఎగురుతారా అని ఊహించుకునేదాన్ని. నువ్వే అనుకున్నాను.

ఆ రోజు మెషీన్ పక్కన నిలబడి ఉన్నాను. ఇంజనీర్ బేరింగ్ ఎలా మార్చాలో చెబుతున్నాడు, నేను మనవాళ్లకి చెబుతున్నాను. నడుంలోంచి నొప్పి మొదలైంది. వాక్యం మధ్యలో ఉన్నాను కదా అని ముగించాను. ముగించి, అందరికీ అర్థమైందా అని అడిగి, అప్పుడు బాత్రూంకి వెళ్లాను. అది గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆ వాక్యం ఎవడికి కావాలి? మధ్యలో ఆపేస్తే ఏం మునిగిపోయేది? డాక్టరమ్మ మాత్రం "ముందే వచ్చినా ఆగేది కాదమ్మా, నీ తప్పేమీ లేదు" అంది. ఆ మాట చెవుల దాకా వచ్చింది, లోపలికి దిగలేదు.

ఒక పూట ఆసుపత్రిలో ఉన్నాను. ఫ్యాక్టరీలో జ్వరమని చెప్పాను. ఇంటికి అదీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావు. నేను ఈ ఉద్యోగానికి వస్తానన్నప్పుడు ఇంట్లో జరిగింది మర్చిపోయావా? అత్తయ్య వద్దంటే వద్దన్నారు. మీ అన్నయ్య ఎప్పుడూ వాళ్లమ్మకి ఎదురుచెప్పని మనిషి, ఆ రోజు లేచి నిలబడి "తను వెళ్తుందమ్మా, నేను పంపుతున్నాను" అన్నారు. ఇప్పుడు ఇది చెబితే అత్తయ్య నన్నేమీ అనరు. "నువ్వే కదరా పంపావు" అని ఆయన్ని అంటారు. అనకపోయినా ఆయనకి ఆయనే అనుకుంటారు. ఆ బాధ ఆయన నెత్తిన పెట్టలేక మింగేశాను.

కానీ లోపల పెట్టుకుని పెట్టుకుని పిచ్చెక్కేలా అయింది. ఆఖరి పేజీ చేస్తుంటే ఆ ఖాళీ బుట్ట కనిపించింది. నా చెయ్యి ఎర్ర పెన్సిల్ తీసుకుని రాసేసింది. చెరిపేద్దామనుకున్నాను. నువ్వు చదువుతావని ఉంచేశాను. నీకు తెలియాలి, నువ్వు నన్ను ఏమీ అడగకూడదు, ఒక మనిషికి తెలుసన్న ధైర్యంతో నేను డ్యూటీ చేసుకోవాలి. అదీ నా లెక్క. నువ్వేమో దాన్ని ముత్యాల్లా పేర్చి లోకమంతటికీ చూపించావు! నిన్ను తిట్టడం లేదే పిచ్చిదానా. బస్సులో ఎవరో ఏడ్చారని రాశావు చూడు, అక్కడ నేనూ ఏడవబోయాను, రాలేదు. ఇప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు రాలేదు నాకు. అదేం రోగమో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. మీ అన్నయ్యకి అనుమానం రాకముందే చెప్పు, వదిన వేరే కథేదో రాసుకుంటోంది, అందులోని మాట స్కానర్ పొరపాటు వల్ల ఇందులోకి వచ్చింది అని. చుక్కలు మళ్లీ పెట్టించు. ఆయనకి తెలియకూడదు. నా మీద ఒట్టు.

నీ వదిన


షాపు, అట్టపెట్టెల గది
మంగళవారం

వదినా,

ఈ గదిలోకి ఎవరూ రారు కాబట్టి ఇక్కడ కూర్చుని ఏడ్చాను. కళ్లు ఇంతలావయ్యాయి. రంగు పొడి పడిందని చెప్పుకుంటున్నాను.

నువ్వు నాకు చెప్పావు వదినా. ఇంకెవరికీ చెప్పలేని మాట నన్ను నమ్మి చెప్పావు. నేను వినలేదు. బుడగలో సరిగ్గా పట్టిందని సంబరపడ్డాను! పది రకాల అక్షరాలు వేసి చూశానని గొప్పలు రాశాను! "గుండె పట్టేసింది" అని రాసి, చేతులు దులుపుకుని భోజనానికి వెళ్లాను. ఆ కవరు పోస్టులో వేసిన చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది. నీకు నొప్పి వచ్చిన రోజు నేనేం చేస్తున్నానో అని కూర్చుని ఆలోచిస్తున్నాను. ఎవరి పెళ్లి కార్డులోనో అచ్చుతప్పులు దిద్దుతూ ఉండి ఉంటాను.

బాధపడాల్సింది నువ్వు, ఏడుస్తున్నది నేను. ఇక ఆపుతాను. అసలు సంగతి ఇది.

నిన్న సాయంత్రం అన్నయ్యకి నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. స్కానర్ అన్నాను, వేరే కథ అన్నాను, అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వెళ్లాను. అంతా విన్నాడు. విని, "మీ వదిన వేరే కథేదీ రాయడం లేదు" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నీకు చెప్పిందా?" అన్నాడు. "ఏం చెప్పింది? ఏమిటి?" అని నేను నీళ్లు నమిలాను. నా మొహంలోకి అలాగే చూశాడు వదినా. నాకు అబద్ధం ఆడటం చేతకాదని తనకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

లేచి సంచీలో రెండు జతల బట్టలు కుక్కుకున్నాడు. అమ్మ "ఇప్పుడెక్కడికిరా?" అంటే "పనుంది" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి "మీ ఇద్దరూ ఏమైనా పోట్లాడుకున్నారా?" అంది. అవునన్నాను, కంప్యూటర్ కోసం పోట్లాడుకున్నామన్నాను. నమ్మిందో లేదో. అన్నయ్య చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర ఆగి "పేజీ జోలికి పోకు" అన్నాడు. వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

తనకేం తెలుసో, ఎలా తెలుసో నాకు అర్థం కావడం లేదు. కోపంగా ఉన్నాడో, ఇంకేమిటో మొహం చూసి చెప్పలేకపోయాను. నీ దగ్గరికేనా వస్తున్నది? ఒకవేళ వస్తే గట్టిగా ఏమైనా అంటాడేమో, నువ్వు ఊరుకోకు. తప్పు నాదని చెప్పు. స్కానర్ నాది, చెయ్యి నాది, తొందర నాది. నిన్ను ఒక్క మాటన్నా నేను తనతో జన్మలో మాట్లాడనని కూడా చెప్పు.

ఈ ఉత్తరం అర్జెంటు కొరియర్‌లో వేస్తున్నాను. దేవుడా, తనకన్నా ఇదే ముందు చేరాలి.

నీ ఆడపడుచు


క్వార్టర్స్
శుక్రవారం

చిట్టీ,

కంగారు పడకు. మీ అన్నయ్య ఇక్కడే ఉన్నారు. నీ ఉత్తరం కన్నా ముందే చేరారు. ఆదివారం ఇద్దరం కలిసి ఇంటికొస్తున్నాం, అత్తయ్యకి నేనే చెబుతాను. నువ్వు నా పక్కన కూర్చో, అంతే.

మంగళవారం డ్యూటీ దిగి అందరితో పాటు గేటు దాటుతుంటే వాచ్‌మన్ బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్న అమ్మాయి "ఎవరక్కా?" అంటే మా ఆయన అని చెప్పి, తనని ముందు వెళ్లమన్నాను. ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. దారంతా ఆయన బస్సు ఆలస్యం గురించి మాట్లాడారు, నేను ఊఁ కొట్టాను. క్వార్టర్స్ మెట్ల దగ్గరికొచ్చాక నాకు ఇక ఎక్కడానికి ఓపిక లేకపోయింది. కూర్చున్నాను. ఆయన ఒక మెట్టు కింద కూర్చున్నారు.

నీకు నేర్పిన అబద్ధమే చెబుదామని నోరు తెరిచాను. "ఆ బుడగలోది స్కానర్..." అన్నాను.

"నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"బిడ్డ సంగతి. ఆ రోజే తెలుసు."

ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడు ఇంటి మనిషి నంబరు అడిగితే ఆయనదే ఇచ్చాను, ఆ సంగతే మర్చిపోయాను. నేను డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా వచ్చేశానని, క్షేమంగా చేరానో లేదోనని నర్సు ఆయనకి ఫోన్ చేసిందట. "మీ ఆవిడని రెండు రోజులు ఒంటరిగా వదలకండి" అందట. ఆ వారమే ఈ చుట్టుపక్కల పనుందంటూ చెప్పాపెట్టకుండా వచ్చి దిగారు చూడు, అది అందుకు. రెండు రోజులుండి వంట చేశారు, నా బట్టలుతికారు, వంటింటి అరలన్నీ సబ్బు పెట్టి తోమారు. ఈయనకి ఇంత ఓపికేమిటా అని విసుక్కున్నాను కూడా. అన్నీ తెలిసి తోముతున్నారు!

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?" అని అరిచాను. పై అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి.

"నువ్వు చెప్పలేదుగా. నాకు చెప్పకూడదనుకున్నావేమో, నేను పంపడం వల్లే అయిందనుకుంటున్నావేమో అనిపించింది. అడిగితే ఆ మాటే అంటావని భయమేసింది."

నేను ఆయన్ని కాపాడుతున్నానని నోరు మూసుకున్నాను. ఆయన నేను నిందిస్తానేమోనని నోరు మూసుకున్నారు. ఇన్ని నెలలు రోజూ ఫోన్‌లో "తిన్నావా?", "తిన్నాను, మీరు తిన్నారా?" అనుకున్నాం ఇద్దరం! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. భోజనం సంచీ తీసి భుజం మీద కొట్టాను. డబ్బా మూత ఊడి మెట్ల మీద దొర్లింది. రెండు దెబ్బలు తిని ఊరుకున్నారు.

"పేజీ ఎందుకు పెట్టారు? ఊరంతా చదవాలనా?" అన్నాను.

"ఆఖరున చూసేది నేనని నీకు తెలుసు కదా. చుక్కలుండాల్సిన చోట ఆ మాట కనిపించింది. చెల్లి పొరపాటని నాకెలా తెలుస్తుంది? నాకు చెప్పడానికే అక్కడ రాశావనుకున్నాను. తుడవబోయాను. తుడిస్తే నువ్వు చెప్పినదాన్ని నేను తుడిచినట్టవుతుందనిపించింది. చెయ్యి రాలేదు" అన్నారు.

నువ్వు పొరపాటు చేయకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేను. ఇద్దరం ఇలాగే తిన్నావా, తిన్నాను అంటూ ముసలివాళ్లమయ్యేవాళ్లమేమో. కాబట్టి నీ చెయ్యి నరుక్కోకు, ఆదివారం నాకు తలంటు పోయాలి. బుధవారం ఇద్దరం నా లాప్‌టాప్ ముందు కూర్చుని బుడగలో చుక్కలు పెట్టేశాం. ఆ మాట అసలులో లేదని, తప్పు మాదని ఆయన కింద రాశారు. గుడ్లగూబ "ఆ మాటే బావుంది, ఎందుకు తీసేశారు?" అని మళ్లీ గొడవ మొదలుపెట్టాడు. వాడికి నువ్వే సమాధానం చెప్పు, నా వల్ల కాదు.

ఆ మంగళవారం మెట్ల మీద ఇంకొకటి జరిగింది. ఆయన దొర్లిపోయిన మూత తెచ్చి, తుడిచి, డబ్బాకి పెట్టారు. తర్వాత నా వైపు చూడకుండా "ఒకటి అడగాలని ఇన్నాళ్లుగా ఉంది" అన్నారు. అడగండి అన్నాను.

"ఆ రోజు బాగా నొప్పి పెట్టిందా?"

నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు చిట్టీ, నన్ను నేను కూడా అడగలేదు. అవునండీ, చాలా నొప్పి పెట్టింది అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

నీ వదిన